నిలబడి బీరు తాగే మనిషి

మా ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర అడిగితే నాకు ముందు విసుగొస్తుంది. అడిగేవాళ్లెవరూ తెలుసుకోవాలని అడగరు. క్యాంటీన్ గోడ మీది పాత ఫోటో చూసి, "ఏంటి బుర్గీ, మీరు నిజంగా రాజధాని జట్టుని ఓడించారా?" అని నవ్వుతూ అడుగుతారు. ఓడించాం నాయనా, ఓడించాం. నేనప్పుడు స్కూలుకెళ్లే పిల్లని. కప్పు పోటీలో మొదటి ఆట, ఇదే మైదానంలో, ఎడతెగని వానలో. మా మైదానానికి ఒక మూల కుంగిపోయి ఉంటుంది. బంతి ఎటు కొట్టినా చివరికి దొర్లుకుంటూ ఆ మూలకే పోతుంది. అది మాకు తెలుసు, వాళ్లకి తెలియదు. వాళ్లు తెలుసుకునేలోపు ఆట అయిపోయింది. మా ఘనత అంతా అంతే.

ఈ లోయలో చదును నేల అంటూ ఎక్కడా లేదు. మా ఊరి పేరు క్రోటెన్‌గ్రాబెన్ అంటేనే కప్పల కాలువ అని అర్థం. యుద్ధం అయిపోయాక రాతి గనిలో పనిచేసే మగవాళ్లు, పని దిగి ఇంటికి పోకుండా, గనిలో మిగిలిన రాళ్లూ పొడీ బండ్లలో తోసుకొచ్చి ఆ కప్పల బురదలో పోసి ఈ మైదానం తయారుచేశారు. వాళ్లలో, మా క్లబ్బుకి గీత దగ్గర జెండా పట్టిన ఎగిడ్ లాక్నర్ తండ్రి ఒకడు. ఆ చివరి మూల నింపుతుండగా బండి తిరగబడి ఆయన కాలు నుజ్జయింది. తర్వాత ఆ మూల జోలికి ఎవరూ పోలేదు. అందుకే అది ఇంకా కుంగి ఉంది. చిన్నప్పుడు ఎగిడ్‌ని ఆటకి తీసుకొచ్చి, కర్రకాలు ఆ మూల వైపు చాపి, "అది నాదిరా" అనేవాడట ముసలాయన.

గని నడిచినన్నాళ్లూ క్లబ్బు నడిచింది. పై లీగులో ఆడాం, దూరపు పట్నాల నుంచి బస్సుల్లో జనం వచ్చేవారు, మా అమ్మ ఇదే క్యాంటీన్‌లో ఇదే పొయ్యి మీద ష్నిట్జెల్ అనే మాంసం ముక్కలు వేపలేక చచ్చేది. గని మూతపడింది. కుర్రాళ్లు ఫ్యాక్టరీల కోసం పట్నం పోయారు. మేం ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చాం. ఈ మధ్య మా ఆట సంగతంటారా, చెప్పుకోడానికి సిగ్గేస్తుంది. ఉత్తరాలు పంచే లుడ్విగ్ మా గోల్‌కీపరు, వాడికి వంగితే నడుము పట్టేస్తుంది. ముందటేడు శీతాకాలం నుంచి ఓడడం, ఓడడం, మంచులో ఒక డ్రా, మళ్లీ ఓడడం. కిందటేడు వేసవి మొదట్లోకి వచ్చేసరికి పట్టిక అట్టడుగున మాకంటే కింద ఒక్క జట్టే మిగిలింది.

ఇక ఎగిడ్ గురించి.

మా అంత కింది తరగతి ఆటలకి లీగు వాళ్లు రెఫరీని ఒక్కరినే పంపుతారు. గీతల వెంట జెండా పట్టుకుని పరుగెత్తేవాళ్లని ఆడే క్లబ్బులే పెట్టుకోవాలి, చెరొకడిని. సొంత ఊరివాడు సొంత ఊరికే జెండా ఎత్తుతాడని అందరికీ తెలుసు. రెఫరీలకీ తెలుసు. అవతలివాడు మన వాళ్లకి గోల్ వేయబోతుంటే, బంతి కంటే ముందే వెళ్లి గోల్ దగ్గర కాపు కాశాడని, అంటే ఆఫ్‌సైడని, జెండా ఎత్తేస్తారు. అందులో మొహమాటం ఏమీ ఉండదు, ఊరి పని కింద లెక్క. మా ఎగిడ్ మాత్రం ఉన్నది ఉన్నట్టే ఎత్తేవాడు. ముప్ఫై ఏళ్లకి పైగా ఇదే వరస. కోత మిల్లులో పనిచేసిన మనిషి, నోట్లో నాలుక లేని మనిషి, చేతిలో జెండా ఉంటే మాత్రం పెళ్లాం చెప్పినా వినడు. ఆవిడ పోయి చాలా కాలమైంది, పాపం.

పైకి వెళ్లే చివరి అవకాశం ఒకసారి మాకు వచ్చింది. ఆ రోజు ఓబర్‌వీజెన్‌తో ఆట. కొండకి అవతలి పక్క ఊరు వాళ్లది. వాళ్లు మమ్మల్ని కప్పలంటారు, వాళ్ల ఊరి పేరుకి పై పచ్చిక అని అర్థం కాబట్టి మేం వాళ్లని గడ్డిమేతగాళ్లంటాం. ఆఖరి నిమిషాల్లో మా వాడు గోల్ వేశాడు. ఊరంతా ఎగిరి గంతేసింది. తిరిగి చూస్తే ఎగిడ్ జెండా పైకుంది. మా వాడు ఆఫ్‌సైడే, నా కళ్లతో చూశాను. నా క్యాంటీన్ కిటికీ సరిగ్గా ఎగిడ్ నిలబడే గీతకి ఎదురుగా ఉంటుంది. గోల్ చెల్లదన్నారు, మేం పైకి వెళ్లలేదు, వాళ్లు వెళ్లారు.

ఎగిడ్‌ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆ సాయంత్రం క్యాంటీన్‌లో ఊరి పెద్దలు కూర్చునే బల్ల దగ్గర అతని కుర్చీ లేదు. అంతే. ఎవరో తీసి వెనక గదిలో పడేశారు. అతను వచ్చి చూశాడు, నా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడి బీరు తాగి వెళ్లిపోయాడు. తర్వాతి ఆదివారం అలాగే. ఆ పై ఆదివారమూ అలాగే. చివరికి అది అలవాటైపోయింది. కుర్రాళ్లు ఎగిడ్ మామకి కూర్చోవడం ఇష్టం లేదేమో అనుకునేవారు. రెండు మూడుసార్లు నేనే స్టూలు తెచ్చి వేశాను. "వద్దులే బుర్గీ, మోకాళ్లకి ఇదే బాగుంటుంది" అన్నాడు.

ఆ మరుసటి ఏడాది నుంచి ఓబర్‌వీజెన్ క్లబ్బు పెద్ద రూపెర్ట్, వాళ్లు మా మైదానానికి ఆడటానికి వచ్చిన ప్రతిసారీ, మొదట స్నేహపు ఆటలకి, మళ్లీ మా తరగతికే దిగివచ్చాక లీగు ఆటలకి, సొంత పొగ గదిలో ఆరబెట్టిన పంది తొడ ఒకటి గుడ్డలో చుట్టి ఎగిడ్‌కి తెచ్చి ఇచ్చేవాడు. గెలిచినా ఓడినా. "తిన్నగా చూసినందుకు" అనేవాడు, అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు. మా వాళ్లు వెనక నుంచి, "ఎగిడ్, నీ లంచం వచ్చిందిరోయ్!" అని అరిచేవారు. అతను ఆ తొడని చంకలో పెట్టుకుని తల వంచుకుని ఇంటికి పోయేవాడు. శీతాకాలమంతా అదే కోసుకు తినేవాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కిందటేడు జూన్‌లో మా క్లబ్బు బతుకు ఒక ఆట మీదికి వచ్చింది. ఓబర్‌వీజెన్‌తోనే. ఓడకుండా ఉంటే ఈ తరగతిలోనే ఉంటాం. ఓడితే కిందికి పోతాం. పోతే క్లబ్బుని ఎత్తేసి పక్క ఊళ్లతో కలిపేస్తామని మా క్లబ్బు పెద్ద ఎర్విన్ మీటింగులో చెప్పేశాడు. టైర్ల వ్యాపారం వాడిది, గొంతు పెద్దది.

"కలిపేస్తే మైదానం ఏమవుతుంది?" అని అడిగాడు ఎగిడ్. మీటింగులో అతను నోరు తెరవడం నేను చూడటం అదే మొదలు.

"ఏమవుతుంది? రెండు మైదానాలు ఎందుకు? ఇది పంచాయతీకి పోతుంది. వాళ్లు కాలువ గేటు ఎత్తేసి నీళ్లు వదిలేస్తారు. కప్పలకి పండగ."

అందరూ నవ్వారు. ఎగిడ్ నవ్వలేదు. ఆ వారమంతా రోజూ సాయంత్రం వచ్చి, తండ్రి కాలు పోయిన ఆ కుంగిన మూల దగ్గర నిలబడి వెళ్లేవాడు. నేను కిటికీలోంచి చూస్తూ, ఈ మనిషికి తిండి సరిగ్గా లేదు, ముఖం పీక్కుపోయింది అనుకున్నాను తప్ప, లోపల ఏం నడుస్తోందో నాకేం తెలుసు?

ఆదివారం వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత కంచె చుట్టూ జనం. నూనె వాసనతో, చెమటతో నా ప్రాణం పోతోంది. రెఫరీ పట్నం నుంచి వచ్చిన టీచరమ్మాయి. ఆటకి ముందు ఎగిడ్‌తో చెయ్యి కలిపి, "లీగు నియమం ప్రకారం క్లబ్బు మనిషి బంతి బయటికి పోయిందా లేదా చెబితే చాలు. కానీ మీ సంగతి అందరూ చెప్పారండీ. ఆఫ్‌సైడ్ కూడా మీకే వదిలేస్తున్నాను" అంది. ఎగిడ్ తల ఊపాడు.

ఆట గురించి చెప్పేదేమీ లేదు. మా వాళ్లు పదకొండు మందీ గోల్ ముందు గోడలా నిలబడి బంతిని దొరికిన చోటికి తన్నారు. బంతి ఆ మూలకి పోయింది, తెచ్చుకున్నారు, మళ్లీ తన్నారు. చూస్తుంటే ఆవలింతలొచ్చాయి. కానీ రెండువైపులా గోల్ లేకుండా సమయం గడుస్తోంది, మాకు అదే కావాలి. జనం చేతి గడియారాలు చూసుకోవడం మొదలుపెట్టారు.

అప్పుడు వాళ్లు ఒక పొడుగు బంతి వేశారు. వాళ్ల వాడు, పొడవాటి జుట్టు మనిషి, మా వాళ్లని దాటుకుని పరుగెత్తి అందుకున్నాడు. లుడ్విగ్ వంగేలోపే బంతి వల్లో ఉంది. నేను ష్నిట్జెల్ తిరగేస్తూ తల ఎత్తి చూస్తున్నాను. బంతి తన్నిన క్షణంలో వాళ్ల వాడు మా లుడ్విగ్ ముందున్న ఇద్దరికీ ఇవతలే, గోల్‌కి వాళ్లకంటే దూరంగానే ఉన్నాడు. ఏ సందేహమూ లేదు. నిఖార్సైన గోల్.

ఎగిడ్ జెండా పైకి లేచింది.

రెఫరీ అమ్మాయి పరుగెత్తుకుంటూ అతని దగ్గరికొచ్చింది. కిటికీ దగ్గరే కాబట్టి ప్రతి మాటా నా చెవిన పడింది.

"చూశారా మీరు?"

"చూశాను."

"కచ్చితంగా?"

"ఆఫ్‌సైడ్" అన్నాడు ఎగిడ్.

ఆమె విజిల్ ఊది గోల్ చెల్లదంది. పొడవాటి జుట్టువాడు మండిపడుతూ ఎగిడ్ మీదికి వచ్చాడు, వాడి వెనక ఇంకో నలుగురు. "ముసలాడా, గుడ్డివాడివా? అమ్ముడుపోయావా?" మా వాళ్లు కూడా కంచె దూకబోయారు. అప్పుడు అవతల పక్క నుంచి రూపెర్ట్ గొంతు వినపడింది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, ఆ గొంతు ఎక్కడ దాచుకున్నాడో.

"ఒరేయ్! నోళ్లు ముయ్యండ్రా! ఆ జెండా ఎత్తింది ఎవరనుకుంటున్నారు? ఎగిడ్! అతను ఎత్తాడంటే అది ఆఫ్‌సైడే! వెనక్కి నడవండి, సిగ్గులేని వెధవల్లారా!"

వాళ్లు నిజంగానే వెనక్కి నడిచారు. పొడవాటి జుట్టువాడు తిట్టుకుంటూనే, తల దించుకుని. ఎగిడ్ జెండా కిందికి దించాడు. నా పెనంలో ముక్కలు మాడిపోయాయి.

అలాగే ఆట ముగిసింది. మేం మిగిలాం. ఎర్విన్ ఏడ్చేశాడు, ఆ పెద్ద గొంతుతోటే. క్యాంటీన్‌లోకి మూక వచ్చిపడింది. ఎర్విన్ వెనక గదిలోకి పోయి, దుమ్ము పట్టిన ఒక కుర్చీ ఎత్తుకొచ్చి పెద్దల బల్ల దగ్గర వేశాడు.

"కూర్చోరా ఎగిడ్! ఇన్నేళ్లకి కళ్లు తెరిచావు! కూర్చో!"

వాడు హాస్యానికన్నాడు. గోల్ నిజంగా ఆఫ్‌సైడా కాదా అని మా వాళ్లెవరికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఎగిడ్ నా వైపు ఒకసారి చూసి కూర్చున్నాడు. ఎవరో వీపు తట్టారు, ఎవరో బీరు ముందు పెట్టారు.

తలుపు దగ్గర రూపెర్ట్ కనపడ్డాడు. చంకలో గుడ్డ మూట. గోల తగ్గింది. ఆయన మెల్లగా నడిచి వచ్చి ఆ తొడని ఎగిడ్ ముందు బల్ల మీద పెట్టాడు.

"తిన్నగా చూసినందుకు" అన్నాడు, ఎప్పటిలాగే. ఈసారి ఇంకో మాట కూడా అన్నాడు. "మా కుర్రాళ్ల తరఫున క్షమించు. వాళ్లకి నువ్వెవరో తెలీదు."

ఆయన వెళ్లగానే ఎర్విన్, "బుర్గీ, కత్తి తే! గడ్డిమేతగాళ్ల పందిని గెలుపు కింద తినేద్దాం!" అని అరిచాడు. నేను కత్తి తీసుకెళ్లాను కూడా. ఎగిడ్ తొడ మీద చెయ్యి వేశాడు.

"దీన్ని కొయ్యొద్దు."

"ఛ, పిసినారి!" అని అందరూ నవ్వి తమ గ్లాసుల్లో పడ్డారు.

జనం పోయాక గ్లాసులు తుడవడానికి ఎగిడ్ ఆగిపోయాడు. ఎప్పుడూ సాయం చేస్తాడు. బయట ఇంకా వెలుతురు ఉంది. కాసేపటికి గుడ్డ పక్కన పెట్టి, "నువ్వు చూశావు" అన్నాడు.

"నేను వేపుకుంటున్నాను."

"నీ కిటికీ గీతకి ఎదురుగా ఉంటుంది బుర్గీ."

"చూశాను" అన్నాను.

"రేపు పొద్దున నన్ను కారులో ఓబర్‌వీజెన్ తీసుకెళ్తావా?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఎందుకు? రెఫరీ ఫలితం రాసేసి వెళ్లిపోయింది. దాన్ని ఇక దేవుడు కూడా మార్చలేడు. చెబితే నీ పేరు పోవడం తప్ప ఏం ఒరుగుతుంది? ఇన్నాళ్లకి నీకో కుర్చీ వేశారు మనిషీ! అది కూడా నిలబెట్టుకోలేవా?"

"ఆ మాంసం తినలేను బుర్గీ" అన్నాడు. అంతే.

పొద్దున్నే తీసుకెళ్లాను. దారంతా ఆ తొడని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నా కోపం ఇంకా దిగలేదు. రూపెర్ట్ వంటింట్లో ఒక్కడే రొట్టె తింటున్నాడు. మమ్మల్ని చూసి సంబరపడి కుర్చీలు లాగాడు. ఎగిడ్ కూర్చోలేదు. మూట బల్ల మీద పెట్టాడు.

"రూపెర్ట్, నిన్న మీవాడు ఆఫ్‌సైడ్ కాదు."

రూపెర్ట్ నమలడం ఆపాడు. తర్వాత, మెత్తగా, "వయసైపోయింది కదా మనకి. కళ్లు ఆనవు. ఎండ కూడా ఎదురుగా ఉంది. పొరపాటు ఎవరు పడరు?" అన్నాడు.

ఆయన తప్పించుకోడానికి దారి చూపించాడు. ఎగిడ్ "అవును" అంటే చాలు, అయిపోయేది. నేను లోపల్లోపల, అనవయ్యా, అను, అని బతిమాలుకుంటున్నాను.

"కళ్లు బానే ఆనాయి. కాదని తెలిసే ఎత్తాను."

రూపెర్ట్ లేచాడు. తొడని తీసుకుని లోపలి గదిలోకి వెళ్లాడు. కొక్కేనికి తగిలించిన చప్పుడు వినపడింది. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "కాఫీ తాగి వెళ్లండి" అన్నాడు, పరాయి ఇంటివాళ్లతో అన్నట్టు. తాగాం. మరి తాగకుండా ఎలా?

గుమ్మం దగ్గర ఆయన నన్ను చూడకుండా ఎగిడ్‌తో మాట్లాడాడు.

"నేనెవరికీ చెప్పను. చెప్పినా మా ఊళ్లో ఎవరూ నమ్మరు. కానీ నిన్న మా కుర్రాళ్లని అంతమంది ముందు తిట్టాను కదా. వాళ్లు చూసిందే నిజం. అబద్ధం నువ్వొక్కడివే ఆడలేదు ఎగిడ్, నాచేత కూడా ఆడించావు."

తలుపు మెల్లగానే మూసుకుంది.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. ఎగిడ్ మోకాళ్ల పేరు చెప్పి జెండా వదిలేశాడు. ఇప్పుడు రొట్టెల కొట్టు అల్లుడు గీత చూస్తున్నాడు, అవతలి వాళ్లు దగ్గినా జెండా ఎత్తుతాడు. అయినా ఓడిపోతూనే ఉన్నాం. మళ్లీ అట్టడుగు. మైదానం ఉంది, మూల కుంగే ఉంది, ఎర్విన్ మళ్లీ కలిపేద్దామని మీటింగులు పెడుతున్నాడు. లుడ్విగ్ కూడా ఆట మానేస్తానంటున్నాడు. నాకు ఓపిక లేదు. ఇంకెన్నాళ్లు ఈ నూనె ముందు నిలబడతానో నాకే తెలియదు.

ఓబర్‌వీజెన్ వాళ్లు మొన్న శరదృతువులో ఆడటానికి వచ్చారు. రూపెర్ట్ వచ్చాడు, కంచె అవతల నిలబడి చూశాడు, వెళ్లిపోయాడు. చేతిలో మూట లేదు. మా వాళ్లకి ఎంత సంతోషమో! "చూశావా ఎగిడ్, వాళ్లకి ఇంకా మంటే! ఇప్పుడు నువ్వు అచ్చంగా మావాడివి!" అని అతని కుర్చీ చుట్టూ మూగారు. ఆ కుర్చీకి ఇప్పుడు మెత్త కూడా కుట్టించారు.

అతను కూర్చుంటాడు. లేస్తే ఎందుకు లేచావని అడుగుతారు కాబట్టి కూర్చుంటాడు. నవ్వించాలని ఎవరైనా ఆ జెండా కథ ఎత్తితే తల ఊపుతాడు. బీరు సగమయ్యాక గ్లాసు పట్టుకుని నా కిటికీ దగ్గరికి వస్తాడు.

"కాసేపు ఇక్కడ నిలబడనా, బుర్గీ?"

"నిలబడు" అంటాను. నాకు ఏడుపొస్తుంది, కానీ పెనం వైపు తిరిగిపోతాను.

రెండు గుక్కలు కూడా తాగనివ్వడు ఎర్విన్. "ఎగిడ్! ఎక్కడ సచ్చావురా? నీ కుర్చీ ఖాళీగా ఉంది!"

వస్తున్నా అని, అతను వెళ్లి కూర్చుంటాడు.